ఏడు వారాలకే నీటి పూసలు ఆగిపోయాయంటే సీలెంట్ పోయినట్టేనా?

మీ ప్రశ్నని ఒకసారి కుదించి చెప్పుకుందాం. ముదురు నీలం కారు, రోజంతా ఎండలోనే నిలుస్తుంది. సీసా మీద "ఆరు నెలల రక్షణ" అని ఉన్న పాలిమర్ సీలెంట్ (రంగుకి మురికి అంటుకోకుండా పైన పూసే పల్చటి పూత) పూశారు. వారానికోసారి ఫోమ్ కొట్టి కడుగుతున్నారు. ఏడో వారం వచ్చేసరికి బానెట్ మీద నీళ్లు పూసలు కట్టడం మానేసి చదునుగా పరుచుకుంటున్నాయి. డోర్ల మీద మాత్రం ఇంకా బాగానే జారుతున్నాయి. సరుకు నాసిరకమా, పూయడంలో తేడా వచ్చిందా, ఈ గొడవంతా లేకుండా సిరామిక్ కోటింగ్ (గట్టిపడి ఎక్కువ కాలం నిలిచే పూత) వేయించేయాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఎండలో ఉంటూ వారం వారం వాష్ అయ్యే కారు మీద మంచి పాలిమర్ సీలెంట్ ఆయుష్షు రెండున్నర నుంచి నాలుగు నెలలు. సీసా మీది ఆరు నెలలు పచ్చి అబద్ధం కాదు గానీ, అది నీడలో ఉండి, నెలకి రెండుసార్లు మించకుండా, అదీ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూతో కడిగే కారు లెక్క. ఆ రకంగా చూసినా ఏడు వారాలు తక్కువే. అయితే మీ బానెట్ మీద సీలెంట్ పోయిందని అప్పుడే తీర్మానించకండి. అది అక్కడే ఉండి, పైన మురికి పొర పేరుకుని ఉండొచ్చు. మళ్లీ పూసే ముందు చేయాల్సిన అరగంట పరీక్ష కింద రాశాను. సిరామిక్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఏ రకం ఎంత కాలం ఉంటుందో చూద్దాం. ఇవి బయట నిలిపే, రోజూ తిరిగే కార్ల లెక్కలు. షెడ్డులో ఉండే కారుకి వీటికి సగం కలుపుకోండి.

కార్నౌబా వ్యాక్స్ (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) నాలుగు నుంచి ఎనిమిది వారాలు. శుద్ధమైన కార్నౌబా కరగాలంటే 82 డిగ్రీల పైన వేడి కావాలి. కానీ డబ్బాలో ఉండేది శుద్ధమైనది కాదు. చేతికి మెత్తగా రావడానికి నూనెలు, తక్కువ వేడికే మెత్తబడే వేరే మైనాలు కలుపుతారు. మండుటెండలో ముదురు రంగు బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి ముందుగా పోయేవి ఇవే.

తడి కారు మీద కొట్టి తుడిచేసే స్ప్రే సీలెంట్లు నాలుగు నుంచి పది వారాలు. వీటి మీద కూడా ఆరు నెలలనే రాస్తుంటారు, పట్టించుకోకండి. ప్యాడ్‌తో పూసి, ఆరనిచ్చి తుడిచే పాలిమర్ సీలెంట్ సంగతి పైన చెప్పాను. సిరామిక్ కోటింగ్ అయితే, మనం ఇంట్లో వేసుకునే సీసాలు ఏడాది నుంచి రెండేళ్లు, పాలిష్ పని సరిగ్గా చేసి వేసినవి రెండు మూడేళ్లు. అయిదేళ్లు, తొమ్మిదేళ్లు అన్న అంకెలు గ్యారంటీ కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం గురించి చివర్లో చెప్తాను.

నెలల్లో కాదు, వాష్‌లలో లెక్కపెట్టండి. ఈ జవాబు మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. సీలెంట్‌ని అరగదీసేది ముఖ్యంగా కడగడమే. రసాయనం ఒకవైపు, గుడ్డ రాపిడి ఇంకోవైపు. ఎండ కూడా తింటుంది గానీ అంత వేగంగా కాదు. న్యూట్రల్ షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ మిట్ (కడిగే చేతి తొడుగు) వాడితే ఒక పాలిమర్ సీలెంట్ పన్నెండు నుంచి ఇరవై వాష్‌ల దాకా గట్టిగా పనిచేస్తుందని లెక్క వేసుకోండి. వారం వారం కడిగితే అది మూడు నాలుగు నెలలు. పదిహేను రోజులకోసారి కడిగితే ఆరు నెలలు పైమాటే. చూశారా, సీసా మీది అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో? అదే సీలెంట్‌ని గాఢమైన క్షారం ఉన్న ఫోమ్‌తో కడిగితే అయిదారు వాష్‌లలో చతికిలబడుతుంది. మీరు ఏడు చేశారు.

"ఇన్ని నెలలు నిలిచింది" అనడానికి అందరూ ఒప్పుకున్న కొలమానం కూడా లేదు. ఒక కంపెనీకి నీళ్లు కాస్త జారినా నిలిచినట్టే. ఇంకో కంపెనీ బయట తిరగని ప్యానెల్ మీద పరీక్ష చేసి అంకె రాస్తుంది. కొనేవాళ్లు మాత్రం మొదటి రోజు కట్టిన ముత్యాల్లాంటి పూసలే చివరిదాకా ఉండాలనుకుంటారు. మొదటి రోజు పూసలు మొదటి నెలలోనే కొంత తగ్గుతాయి, అది చావు కాదు.

అసలు కారు మీద మిగిలేది ఎంత పల్చటి పొరో లెక్క కడితే చాలా అపోహలు వాటంతట అవే పోతాయి. ఒక సెడాన్‌లో రంగు ఉన్న భాగం సుమారు 10 చదరపు మీటర్లు అనుకుందాం. 30 మిల్లీలీటర్ల సీలెంట్ మొత్తం పూశారనుకోండి. చదరపు మీటరుకి 3 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే తడిగా ఉన్నప్పుడు 3 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో ఎక్కువ భాగం ద్రావకమే, అది ఆవిరైపోతుంది. మిగిలిన దాంట్లో చాలావరకు మీరు గుడ్డతో తుడిచేస్తారు. చివరికి నిలిచేది ఒక మైక్రాన్ కంటే చాలా తక్కువ. కింద ఉన్న క్లియర్‌కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) 35 నుంచి 50 మైక్రాన్లు, రంగు పొరలన్నీ కలిపితే 100 నుంచి 150 వరకు ఉంటాయి. ఇంత పల్చటి పొర గీతల్ని ఆపదు, రాయి దెబ్బని ఆపదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే పని కూడా ప్రధానంగా క్లియర్‌కోట్‌లో కలిపిన పదార్థాలదే. సీలెంట్ చేసేది ఒకటే: పైపొరకి దేన్నీ గట్టిగా అంటుకోనివ్వదు. అందువల్ల మురికి తేలిగ్గా వదులుతుంది, కడిగేటప్పుడు రుద్దుడు తగ్గుతుంది, రుద్దుడు తగ్గితే గీతలు తగ్గుతాయి. గీతల విషయంలో అది చేసే మేలు ఈ దారిన వచ్చేదే.

బానెట్ మీదే ఎందుకు ముందు పోతుంది

నిలువు ప్యానెళ్లు అదృష్టవంతులు. డోర్ మీద పడ్డ నీళ్లు బరువుకే జారిపోతాయి. బానెట్, రూఫ్, డిక్కీ మీద నిలుస్తాయి. నిలిచిన బొట్టు ఎండలో ఆరితే నీళ్లు పోయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గుండ్రటి తెల్లటి మచ్చగా మిగులుతాయి. లీటరుకి 180 మిల్లీగ్రాములకి మించి ఈ లవణాలున్న నీళ్లని బాగా కఠినమైన నీళ్ల కిందే లెక్క. అలాంటి నీళ్లతో వారం వారం కడిగి ఎండలో ఆరనిస్తే, సీలెంట్ మీద కంటికి కనపడని ఖనిజపు పొర ఒకటి తయారవుతుంది. ఆ పొరకి నీళ్లంటే ఇష్టం. పూసలు కట్టనివ్వదు. కింద సీలెంట్ బతికే ఉంటుంది, పని చేసే వీలు మాత్రం ఉండదు.

దీనికి తోడు బానెట్ కింద ఇంజిన్ వేడి, పైన ఎండ. ముందు చక్రాల బ్రేకుల నుంచి లేచే సన్నటి ఇనుప పొడి వేడి పెయింట్ మీద కూరుకుని తుప్పు పడుతుంది. పురుగులు, పక్షి రెట్టలు సరేసరి. ముదురు రంగు కాబట్టి వేడి ఇంకాస్త ఎక్కువ. అందుకే ఒకే రోజు, ఒకే సీసాతో పూసినా బానెట్‌కీ డోర్‌కీ ఆయుష్షులో రెండింతల తేడా మామూలే. అదే డోర్ కింది భాగం, వెనక బంపర్ అయితే రోడ్డు మీది నూనె జిడ్డుతో బానెట్ కంటే ముందే మొద్దుబారతాయి. మీరు డోర్ అన్నది పై సగమో, కింద సగమో ఒకసారి విడిగా చూడండి.

పూసలు బాగా కట్టడమే మంచి సీలెంట్ లక్షణం అనుకోవడం కూడా పొరపాటే. పొడుగ్గా నిలబడ్డ పూస ఎండలో ఆరితే దాని మురికంతా ఒకే చుక్కలో గాఢంగా మిగులుతుంది. నీళ్లు ఒక పలకలా కలిసి జారిపోయే సీలెంట్, ఫొటోల్లో అందంగా లేకపోయినా, ఎండలో నిలిపే కారుకి మేలు.

పోయిందా, మూసుకుపోయిందా: అరగంట పరీక్ష

కారు నీడలో ఉండాలి, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. మాస్కింగ్ టేపు ఒకటి బానెట్ మధ్యలో ముందు నుంచి వెనక్కి నిలువుగా అంటించండి. ఎడమ సగం అలాగే వదిలేస్తారు, కుడి సగం మీద పని చేస్తారు.

1. ముందు బానెట్ మొత్తం న్యూట్రల్ షాంపూతో కడగండి. వ్యాక్స్ కలిపిన షాంపూ, మెరుపునిచ్చే "గ్లాస్" షాంపూ వద్దు. అవి తమ సొంత పొర ఒకటి వదిలి, చచ్చిన సీలెంట్ మీద కూడా నీళ్లు పూసలు కట్టేలా చేస్తాయి. పైన పటారం, లోన లొటారం.

2. కుడి సగం మీద ఐరన్ రిమూవర్ కొట్టి మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచండి. ఇనుప పొడి ఉన్నచోట ఊదా రంగు గీతలు కారతాయి. ఆరిపోనివ్వకుండా బాగా కడిగేయండి. ఇది దాదాపు న్యూట్రల్‌గా ఉండే రకమైతే సీలెంట్‌కి పెద్దగా నష్టం లేదు.

3. అదే సగం మీద ఖనిజపు పొర తీయండి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అంటే న్యూట్రల్) 3, 4 ఉండే ఆమ్ల షాంపూ దొరికితే అది వాడండి. లేదంటే మామూలు తెల్ల వెనిగర్‌లో అంతే కొలత డిస్టిల్డ్ వాటర్ కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి పరచండి. ఒకటి రెండు నిమిషాలు చాలు. తర్వాత పుష్కలంగా నీళ్లు పోయండి. టేపు దాటి అవతలి సగం మీదికి కారకుండా చూసుకోండి, లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

4. కుడి వైపు అంచున, అరచెయ్యంత చోట కొంచెం పాలిష్ వేసి చేత్తో రుద్ది, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లతో తుడవండి. అక్కడ సీలెంట్ ఉండదు. అది మీకు పోలిక కోసం కావాలి. వట్టి పెయింట్ మీద నీళ్లు ఎలా ఉంటాయో కంటితో చూడకపోతే, ఎంత నీరసపడ్డ సీలెంట్ అయినా ఫర్వాలేదనిపిస్తుంది.

5. ఇప్పుడు హోస్ నాజిల్ తీసేసి, సన్నటి ధారతో బానెట్ మీద నెమ్మదిగా నీళ్లు పారించండి. ధార ఆపి చూడండి.

సీలెంట్ ఉంటే నీటి పొర రెండు మూడు క్షణాల్లో మధ్యలో చిరిగి, అంచులు వెనక్కి లాక్కుని పోతుంది. వెనక పొడి పెయింట్ మిగులుతుంది. లేకపోతే పల్చటి పొరలా అంటుకుని అరనిమిషమైనా కదలదు, అంచులు పాకురు పట్టినట్టు వంకరగా ఉంటాయి. కుడి సగం మీద నీళ్లు లాక్కుని పోతూ, ఎడమ సగం మీద అంటుకుని ఉంటే మీ సీలెంట్ నిక్షేపంగా ఉంది. ఎడమ సగానికి కూడా అదే చేసి పైన స్ప్రే సీలెంట్ ఒకటి కొడితే సరిపోతుంది. రెండు సగాలూ పాలిష్ చేసిన చోటులాగే ఉంటే పోయిందనే.

ఈ పరీక్షలో క్లే బార్ (పెయింట్‌లో కూరుకున్న మురికిని లాగే మెత్తటి బంకముద్ద) ఎందుకు చెప్పలేదంటే, క్లే మురికితోపాటు సీలెంట్‌ని కూడా గీకేస్తుంది. క్లే వేశాక ఇక పరీక్షించడానికి మిగిలేదేమీ ఉండదు. దాని చోటు మళ్లీ పూసే పనిలో.

మీ ఫోమ్ మీద నాకు అనుమానం ఉంది

గుడ్డ తగలకముందే మురికిని కరిగించి దించేస్తుందని చెప్పే ఫోమ్ ఏదైనా సరే, సాధారణంగా క్షారమే. పీహెచ్ 10 నుంచి 12 వరకు ఉంటుంది. సీలెంట్లలో, సిరామిక్‌లో కూడా, వెన్నెముక సిలికాన్-ఆక్సిజన్ బంధం. దాన్ని నెమ్మదిగా తెంచేది గాఢమైన క్షారమే. అంగట్లో పీహెచ్ పట్టీలు దొరుకుతాయి. మీరు వాడే పాళ్లలోనే ఫోమ్ కలిపి పట్టీ ముంచండి. 6 నుంచి 8 మధ్య ఉంటే దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. 9 దాటితే వారం వారం వాడకండి, మళ్లీ సీలెంట్ పూసే ముందు పాత జిడ్డు వదిలించడానికి దాచుకోండి. ఆ పనికి అది బ్రహ్మాండంగా ఉంటుంది.

గిన్నెలు తోమే లిక్విడ్ గురించి ఎప్పుడూ ఒక వాదన నడుస్తుంటుంది. ఒక్కసారి వాడితే సీలెంట్ మొత్తం ఊడిపోతుందన్నది నిజం కాదు. అది వదిలే పొర వల్ల పూసలు తగ్గి పోయినట్టు కనిపిస్తుంది. రెండు మంచి వాష్‌లు అయితే తిరిగొస్తాయి. అలాగని అది కారుకి పనికొచ్చే వస్తువు కాదు. జారుడు తక్కువ, కాబట్టి మట్టి గీతలు ఎక్కువ.

రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులిపే అలవాటు ఉంటే అది ఏ ఫోమ్ కన్నా ఘోరం. దుమ్ములో ఇసుక ఉంటుంది. పొడి గుడ్డ దాన్ని సన్నటి గరుకు కాగితంలా మారుస్తుంది, సీలెంట్ పోతుంది, దాని కింద క్లియర్‌కోట్ మీద వలలాంటి గీతలు పడతాయి. ముదురు నీలం మీద అవి ఎండలో ఇట్టే కనిపిస్తాయి.

పోయిందని తేలితే మళ్లీ పూయడం ఎలా

నూటికి తొంభై తప్పులు పూయడంలో కాదు, పూయడానికి ముందు జరుగుతాయి. కడగడం, ఐరన్ రిమూవర్, తారు చుక్కలుంటే తారు రిమూవర్, అప్పుడు క్లే. క్లే కింద షాంపూ నీళ్లు పుష్కలంగా ఉండాలి, బరువు చెయ్యి వేయకండి. ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని పెయింట్ మీద రాసి చూస్తే గరుకు ఎక్కడుందో తెలుస్తుంది. వేళ్లతో తెలియనిది కవర్‌తో తెలుస్తుంది.

తర్వాత వీలైతే సన్నటి పాలిష్ ఒక చుట్టు. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. పాలిష్‌లో నూనెలుంటాయి. కొన్నింట్లో గీతల్ని కప్పిపెట్టే పదార్థాలు కూడా ఉంటాయి. వాటి మీద పూసిన సీలెంట్ పెయింట్‌ని పట్టుకోదు, నూనెని పట్టుకుంటుంది. రెండు వాష్‌లకి నూనె పోతుంది, దాంతోపాటు సీలెంటూ పోతుంది. "వారానికే పోయింది" అన్న ఫిర్యాదులకి ఎక్కువగా కారణం ఇదే. పాలిష్ అయ్యాక ఐపీఏ 15 నుంచి 25 శాతం, మిగతాది డిస్టిల్డ్ వాటర్ కలిపి కొట్టి, ఒక గుడ్డతో తుడిచి, వెంటనే రెండో పొడి గుడ్డతో తుడవాలి. గాఢత ఇంకా పెంచితే ఏదో మేలని అనుకోవద్దు. అది త్వరగా ఆరిపోయి నూనెని ఎత్తకముందే మాయమవుతుంది, మెత్తటి పెయింట్ మీద గుడ్డ పట్టేసి గీతలు పెడుతుంది.

పూసేటప్పుడు నీడ, 15 నుంచి 30 డిగ్రీల మధ్య వాతావరణం, చల్లటి ప్యానెల్. మెత్తటి ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు మూడు, నాలుగు. అది ఒక డోర్‌కి సరిపోవాలి. మొత్తం సెడాన్‌కి 20 నుంచి 30 మిల్లీలీటర్లు మించకూడదు. అంతకన్నా ఎక్కువ పట్టిందంటే మందంగా పూశారన్నమాట. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉండదు. పెయింట్‌కి తగిలిన అట్టడుగు పొరే పట్టుకుంటుంది, పైదంతా గుడ్డకే పోతుంది. పైగా సరిగా ఆరక చారలు మిగులుతాయి.

మసక కమ్మాక వేలితో ఒక గీత గీయండి. గీత కింద పెయింట్ శుభ్రంగా మెరిస్తే తుడవచ్చు. మరకలా సాగితే ఇంకా ఆగాలి. సాధారణంగా ఇరవై నుంచి నలభై నిమిషాలు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. తుడిచాక పన్నెండు గంటలు, వీలైతే ఇరవై నాలుగు గంటలు నీళ్లు తగలకూడదు. సాయంత్రం పూసి రాత్రికి మంచులో వదిలేయడం చాలామంది చేసే తప్పు. పొద్దున్న బానెట్ మీద నీళ్లు, ఆరేలోపే ఎండ. ఆ ప్యానెల్ ఆయుష్షు ఆ రాత్రికే సగమవుతుంది.

రెండో పూత వేయొచ్చా అంటే వేయొచ్చు, పన్నెండు గంటలు ఆగాక. వెంటనే వేస్తే రెండో పూతలోని ద్రావకం మొదటిదాన్ని కరిగించేస్తుంది. రెండో పూత వల్ల ఆయుష్షు రెట్టింపు అవదు. మొదటిసారి ప్యాడ్ తగలని చోట్లు నిండుతాయి, అంతవరకే. ఆ చోట్లు మీరనుకునే దానికన్నా ఎక్కువే ఉంటాయి, కాబట్టి చేయడం మంచిదే.

పాత వ్యాక్స్ మీద సీలెంట్ వేయకండి, పట్టుకోదు. సీలెంట్ మీద వ్యాక్స్ వేసుకోవచ్చు. ఈమధ్యే ఏదైనా ప్యానెల్‌కి మళ్లీ రంగు వేయించి ఉంటే దానికి ఒకటి నుంచి మూడు నెలలు ఏమీ పూయవద్దు, ఆ రంగులోని ద్రావకాలు పూర్తిగా బయటికి పోవాలి. ఎంత ఆగాలో రంగు వేసినవాళ్లనే అడగండి. ఫ్యాక్టరీలో బట్టీ పెట్టిన రంగుకి ఈ బెడద లేదు. మ్యాట్ పెయింట్‌కి పైన చెప్పిన పాలిష్, క్లే ఏవీ వర్తించవు, దానికి ప్రత్యేకంగా చేసిన సీలెంట్లు మాత్రమే వాడాలి.

ఇక తర్వాత నిలబెట్టుకోవడం. ప్రతి మూడు, నాలుగు వాష్‌లకి ఒకసారి, కడిగిన తడి మీదే స్ప్రే సీలెంట్ బానెట్‌కి రెండు నొక్కులు, రూఫ్‌కి రెండు, డిక్కీకి ఒకటి కొట్టి ఆరబెట్టే తువ్వాలుతో తుడిచేయండి. డోర్లకి ప్రతిసారీ అక్కర్లేదు. చన్నీళ్లకి వేణ్ణీళ్లు తోడైనట్టు, అడుగున ఉన్న సీలెంట్‌కి ఇది అండ. వాష్‌లో అరిగేది ముందు ఈ పైపొరే. ఇలా చేసిన కారు మీద అడుగు పూత అయిదారు నెలలు రావడం కష్టమేమీ కాదు. నీళ్లని ఎండలో ఆరనివ్వకుండా వెంటనే తుడవడం మాత్రం మానకండి, మీ బానెట్ కథలో సగం అదే.

పక్షి రెట్ట పడితే సీలెంట్ ఉంది కదా అని వదలొద్దు. వేడి పెయింట్ మీద అది కొన్ని గంటల్లోనే క్లియర్‌కోట్‌ని తినగలదు. సీలెంట్ మీకు ఇచ్చేది కాస్త గడువు మాత్రమే. తడి గుడ్డ అయిదు పది నిమిషాలు పరిచి, నానాక ఎత్తేయాలి. గీకకూడదు.

సిరామిక్‌కి మారాలా?

నా లెక్కలో ఇప్పుడే వద్దు. మీ సీలెంట్‌ని ఏడు వారాల్లో ఇబ్బంది పెట్టింది క్షారపు ఫోమో, కఠినమైన నీళ్లో అయితే, అవే సిరామిక్‌ని కూడా ఇబ్బంది పెడతాయి. సిరామిక్ రసాయనాలకి ఎక్కువ కాలం తట్టుకుంటుంది, నిజమే. కానీ ఖనిజపు పొర దాని మీదా పేరుకుంటుంది, నాలుగైదు నెలలకి పూసలు ఆగిపోతాయి, అప్పుడూ ఇదే ఆమ్ల షాంపూ పరీక్ష చేయాల్సిందే. పైగా సీలెంట్‌లో తప్పు జరిగితే ఒక పాలిష్ గుడ్డతో పోతుంది. సిరామిక్‌ని ఒకటి రెండు నిమిషాలు ఆలస్యంగా తుడిచి మచ్చ గట్టిపడితే పాలిష్ మెషిన్ పెట్టి తీయాలి. వేసే ముందు పెయింట్‌లోని గీతలన్నీ పాలిష్‌తో తీయకపోతే, అవి రెండేళ్లపాటు మెరుస్తూ కనిపిస్తుంటాయి. అలవాట్లు సరిచేసుకున్నాక, ఏడాదికి మూడు నాలుగుసార్లు పూసే ఓపిక లేదనుకుంటే అప్పుడు వెళ్లండి. అది మంచి కారణం.

వెళ్తే కొన్ని మాటలకి లొంగకండి. "9హెచ్ గట్టిదనం" అనేది పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్షలోని అంకె. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు వేరు. రెండింటినీ కలిపేసి వజ్రం పక్కన పెట్టి చెప్తారు, ఇసుక రేణువుకి ఆ సంగతి తెలియదు. "టెఫ్లాన్ కోటింగ్" కూడా అంతే. ఆ పదార్థం 327 డిగ్రీల దగ్గర గానీ కరగదు, పెనానికి అంటించాలంటే అంత వేడి కావాలి. ఆ వేడికి కారు రంగు మిగలదు. కారు మీద ఆ పేరుతో పూసేది చాలావరకు మామూలు సీలెంటే, ఆయుష్షు కూడా సీలెంట్‌దే. గ్రాఫీన్ (కార్బన్‌లో ఒక రూపం) అని రాసినవి కూడా నిజానికి సిలికాన్ ఆధారిత కోటింగ్‌లే. అందులో ఆ పదార్థం ఎంత కలిపారో సీసా మీద సాధారణంగా ఉండదు.

గ్యారంటీ కాగితంలో మూడు వాక్యాలు వెతకండి. ఏడాదికోసారి వాళ్ల దగ్గరే తనిఖీ చేయించాలన్న షరతు ఉందా, ఆ తనిఖీలో మళ్లీ పూత వేస్తారా, నీటి మచ్చలు, పక్షి రెట్టలు మినహాయింపుల్లో ఉన్నాయా. ఏటా మళ్లీ పూస్తుంటే అయిదేళ్లు నిలవడంలో వింతేముంది? వ్యాక్స్ కూడా అలా నిలుస్తుంది.

మీ వరకు ఈ వారం చేయాల్సింది రెండే. ఫోమ్‌లో పట్టీ ముంచండి, బానెట్ మధ్యలో టేపు వేయండి. కుడి సగం కోలుకుంటే కొత్త సీసా కొనక్కర్లేదు. కోలుకోకపోతే ముందు ఫోమ్ మార్చి, ఉన్న సీసాలోంచే బానెట్, రూఫ్, డిక్కీకి మాత్రం ఒక పూత వేయండి. డోర్ల మీద ఇంకా పనిచేస్తోంది కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. తేదీ ఒక కాగితం మీద రాసి, వాష్ అయిన ప్రతిసారీ పక్కన ఒక గీత పెట్టండి. ఈసారి పన్నెండు గీతలు దాటకముందే బానెట్ మొద్దుబారితే, అప్పుడు సీసాని అనుమానించండి.